నడవగలిగే పేటకి లేఅవుట్ గీయడం ఎలా

కాకినాడ చుట్టుపక్కల పొలాలు వెంచర్లుగా మారేటప్పుడు మొదటి గీత గీసేది మాలాంటి వాళ్లమే. సర్వేయరు తెచ్చిన హద్దుల మీద రోడ్లు, బిట్లు వేసి అనుమతికి పంపడం నా వృత్తి. రైతులు వచ్చి ముందుగా అడిగేది ఒకటే: "అమ్మకానికి ఎన్ని గజాలు తేలుతుందండీ?" న్యాయమైన ప్రశ్నే. దాంతోపాటు ఇంకోటి కూడా అడగమని నేను పట్టుబడతాను. ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి కరివేపాకు కావాలంటే బండి తీయాలా, చెప్పులేసుకుని వెళ్లొస్తే చాలా?

నలుగురైదుగురు రైతులు కలిసి పది, ఇరవై ఎకరాల్లో లేఅవుట్ వేసే పద్ధతి మా వైపు బాగా ఉంది. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ప్లాటు కొనేవాళ్లు కూడా చదివితే బ్రోచర్లో ఏం వెతకాలో తెలుస్తుంది.

ముందు లెక్క చూడండి. 20 ఎకరాలంటే 96,800 గజాలు. రోడ్లకి 30 శాతం, ఖాళీ స్థలానికి 10 శాతం, ఉమ్మడి అవసరాలకి 5 శాతం తీసేశామనుకోండి, 53,240 గజాలు మిగులుతుంది. 200 గజాల చొప్పున 266 బిట్లు. కింద ఒక కుటుంబం, మేడ మీద ఒకటి వేసుకుంటే 530 కుటుంబాలు, రెండు వేల పైచిలుకు జనం. ఒక పచారీ కొట్టు, పాలబూత్, టిఫిన్ సెంటర్, ఇస్త్రీ బండి బతకడానికి ఈ జనం చాలు. ప్రాథమిక పాఠశాలకి మాత్రం చాలరు. పట్టణ ప్రణాళిక మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో దానికి 5,000 జనాభా లెక్క.

ఇప్పుడు దూరం. 20 ఎకరాలు నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 933 అడుగులు, అంటే 285 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు నిమిషాల నడక. అంటే వెంచర్ లోపల నడవడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టం ప్రహరీ దగ్గర మొదలవుతుంది. 1929లో న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళిక కోసం క్లారెన్స్ పెర్రీ అనే ఆయన ఒక పేట కొలతలు వేశాడు: మధ్యలో బడి, ఏ ఇంటి నుంచైనా బడికి పావు మైలు (400 మీటర్లు), మొత్తం విస్తీర్ణం దాదాపు 160 ఎకరాలు. మన 20 ఎకరాల వెంచర్లు ఎనిమిది కలిస్తే అంతే అవుతుంది. కాకినాడ నుంచి ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఒకదాని పక్కన ఒకటిగా ఆ ఎనిమిదీ కనిపిస్తాయి. కానీ దేని గోడ దానిదే, దేని గేటు దానిదే. జనం పేటకి సరిపడా ఉంటారు, పేట మాత్రం ఉండదు.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండొచ్చిన పెద్దవాళ్లని అడగండి, ఈ తరహా విస్తరణ చివరికి ఎలా ఉంటుందో వాళ్లు చెబుతారు. టెక్సాస్‌లో పెద్ద ఇల్లు, పచ్చగడ్డి, నిశ్శబ్దమైన వీధి. పాలు అయిపోతే కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. అక్కడే దీన్ని వద్దనుకున్న వాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలో 80 ఎకరాల్లో సీసైడ్ అనే ఊరు 1981లో మొదలైంది. రాబర్ట్ డేవిస్ అనే ఆయన భూమిలో ఆండ్రెస్ డువానీ, ఎలిజబెత్ ప్లేటర్-జైబర్క్ అనే ఆర్కిటెక్టులు దాన్ని గీశారు. ఇరుకు వీధులు, ఇంటి ముందు తప్పనిసరిగా వరండా, మధ్యలో దుకాణాలు. అమెరికా పాత ఊళ్లని చూసి రాసుకున్న నియమాలవి. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు. కాకినాడ రామారావుపేటలో, రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక పూట టేపు పట్టుకుని తిరిగితే కావలసిన కొలతలు దొరుకుతాయి.

పొలం బయట నుంచి మొదలుపెట్టండి

కాగితం మీద గీత పెట్టే ముందు ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు పట్టుకుని పొలం చుట్టూ నడవండి. పుంత ఎక్కడుంది, పంట బోదె ఎటు పోతోంది, బస్సు ఎక్కడ ఆగుతుంది, పాత ఊళ్లో రామాలయం, బడి ఎంత దూరం, అన్నీ ఆ నకలు మీదే గుర్తు పెట్టండి. పుంతని తేలిగ్గా తీసుకోవద్దు. ఎడ్లబండ్లు తరాలుగా నడిచిన దారి అది. చాలా వెంచర్లలో దాన్ని వెనక గోడ అవతలికి నెట్టేస్తారు, రెండేళ్లకి చెత్తకుప్ప అవుతుంది. పాత ఊరికీ బస్సు స్టాపుకీ దగ్గర దారి చాలాసార్లు అదే. ఇళ్లు దాని వైపు ముఖం పెట్టేలా బిట్లు వేయండి.

తర్వాత పక్క పొలాల హద్దులు. ప్రతి 300 అడుగులకి ఒక రోడ్డు హద్దు రాయి దాకా వెళ్లి ఆగాలి. అవతల ఇవాళ వరి ఉండొచ్చు, రేపు అక్కడా వెంచర్ వస్తుంది, వాళ్ల రోడ్డు మీ రోడ్డుకి తగులుతుంది. ఇక్కడే పెద్ద పేచీ. రోడ్డు చివర ఒక అడుగు స్థలం సొంత పేరున ఉంచేసుకుని, పక్కవాళ్లు దారి అడిగినప్పుడు దానికి లక్షలు చెప్పే అలవాటు ఉంది. ఓ పెద్దాయన నాతో అన్నారు, "మన డబ్బుతో వేసిన రోడ్డు పక్కోడికెందుకండీ?" నేను ఆయనకి ఎఫ్‌ఎంబీ మీద బడి చూపించాను. అది తూర్పు వైపు పొలం దాటితే 350 మీటర్లు. గేటులోంచి బయటికెళ్లి హైవే పట్టుకుంటే కిలోమీటరున్నర. ఆయన మనవరాలు ఆ బడిలోనే చదువుతోంది. తూర్పు రోడ్డు హద్దు దాకా గీయించారు.

హైవే మీద పిల్లని సైకిల్ మీద పంపలేని తల్లిదండ్రులు స్కూలు బస్సు కట్టుకుంటారు, నెలనెలా. ఆ ఖర్చంతా మనం గీసిన గీత వల్లే. నాకిది ఎప్పుడూ గుర్తుంటుంది.

బిట్ల కంటే ముందు ఉమ్మడి చోట్లు

మా వైపు ఆచారం ఏమిటంటే, ముందు బిట్లు వేసుకుని, ఎటూ కాకుండా మిగిలిన త్రికోణం ముక్కని, హైటెన్షన్ వైర్ల కింద స్థలాన్ని పార్కు అని రాయడం. దీన్ని తిరగేయండి. 20 ఎకరాల్లో 10 శాతం అంటే రెండెకరాలు. అది మధ్యలో ఉండాలి, నాలుగు వైపులా రోడ్డు ఉండాలి, ఆ రోడ్డుకి అవతల ఇళ్ల ముఖాలు ఉండాలి. ఇళ్ల వెనక గోడలు పార్కు వైపు ఉంటే సాయంత్రం ఆరు దాటాక ఆడపిల్లలు అటు వెళ్లరు. కాకినాడ గాంధీనగర్ పార్కు చుట్టూ ఒక సాయంత్రం తిరిగి చూడండి, చుట్టూ వీధులు ఉండడం వల్ల ఎంత తేడా వస్తుందో.

పార్కుకి ఆనుకునే దుకాణాల బిట్లు, గుడికో కమ్యూనిటీ హాలుకో ఉంచిన స్థలం, ఆటో ఆగే చోటు పెట్టండి. పెర్రీ ప్రణాళికలో నాకు నచ్చనిది ఇదొక్కటే, ఆయన దుకాణాలన్నిటినీ పేట అంచుకి, పెద్ద రోడ్ల కూడళ్లకి పంపేశాడు. మన ఎండలో 400 మీటర్లు పడుచువాళ్లకి ఐదు నిమిషాలే, డెబ్బై ఏళ్ల మనిషికి మే నెలలో అది చాలా దూరం. పాలు, కూరగాయలు, మందులు 250 మీటర్ల లోపల దొరకాలని నేను లెక్క పెట్టుకుంటాను.

వీధి పోటు ఉన్న చోట్లని కూడా ఇందుకే వాడుకోండి. రోడ్డు నేరుగా వచ్చి తగిలే బిట్టు చాలామంది కొనరు, కొన్నా బేరం ఆడతారు. ఆ చోటు పార్కుకో, గుడికో, వాటర్ ట్యాంకుకో ఇచ్చేస్తే అమ్ముడుపోని బిట్టు బెడద పోతుంది. వీధిలో నడుస్తున్న మనిషికి ఎదురుగా చూడడానికో చెట్టు, గోపురం దొరుకుతుంది. సీసైడ్‌లోనూ వీధి చివర కంటికి ఏదో ఒకటి ఆనేలా గీశారు. వాస్తు నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒప్పుకునే పరిష్కారాలు మన పనిలో అరుదు, ఇది అలాంటిది.

వరస మధ్యలో సందు

కొనేవాళ్లందరికీ తూర్పు ఫేసింగ్ కావాలి. అందుకని రోడ్లన్నీ ఉత్తర దక్షిణాలుగా బారుగా లాగి, అడ్డ రోడ్లు తగ్గించేస్తారు. 200 గజాల బిట్టు 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు అనుకోండి. ఒక వరసలో 25 బిట్లు వేస్తే 900 అడుగుల గోడ. మధ్య ఇంట్లో ఉన్నవాళ్లకి వెనక వీధి వాళ్ల తాలింపు వాసన వస్తుంది, కానీ వాళ్లింటికి వెళ్లాలంటే 450 అడుగులు చివరికి నడిచి, తిరిగి, మళ్లీ 450 అడుగులు రావాలి. మొత్తం 300 మీటర్ల పైనే. వెనకింటావిడతో స్నేహం ఎలా కుదురుతుంది?

వరసకి 16 బిట్లు మించనివ్వకండి, ఎనిమిదో బిట్టు తర్వాత 12 అడుగుల నడక సందు వదలండి. సైకిలు, టూవీలరు పడతాయి, కారు పట్టదు. అదే నడక 130 మీటర్ల లోపు అవుతుంది. ఖర్చు ఎంత? సందు పొడవు రెండు బిట్ల లోతు, అంటే వంద అడుగులు. 133 గజాలు పోతుంది. 266 బిట్లకి ఇలాంటివి ఎనిమిది వస్తాయి, మొత్తం 1,064 గజాలు. అమ్మకపు విస్తీర్ణంలో రెండు శాతం. పైగా నీళ్ల పైపు, డ్రైన్ అడ్డంగా తీసుకెళ్లడానికి ఆ సందే దారి. సందుకి రెండు వైపులా ఉన్న ఇళ్లకి అటు కిటికీ ఉండాలని, పక్క గోడ నాలుగడుగులు మించకూడదని షరతు పెట్టండి, మొదటి రోజే దీపం వేయించండి. కిటికీ లేని సందులోకి ఎవరూ రారు.

40 అడుగుల వీధిని ఎలా పంచాలి

వెడల్పు రోడ్డు అంటే గొప్ప అన్న అభిప్రాయం గట్టిగా ఉంది. 40 అడుగులూ తారు పోసేస్తే బైకులు ఎగురుకుంటూ పోతాయి, ముసలివాళ్లు అంచున నిలబడి ఆగుతారు. ఎండాకాలం ఆ తారు రాత్రి పది దాకా సెగలు కక్కుతుంది. అదే 40 అడుగుల్ని ఇలా పంచండి: మధ్యలో 18 అడుగుల రోడ్డు, దానికి రెండు పక్కలా ఐదేసి అడుగులు చెట్లకీ, చెట్ల మధ్య బండ్లు ఆపుకోవడానికీ, ఆపైన ఇళ్లకి ఆనుకుని ఆరేసి అడుగుల నడక బాట. 18 అడుగుల్లో రెండు కార్లు నెమ్మదిగా ఎదురెదురు తప్పుకుంటాయి. ఫైరింజను వెడల్పు ఎనిమిదడుగుల పైచిలుకే. నడక బాటకి ఆరడుగులు నా ఇష్టం కొద్దీ చెప్పింది కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఉంది.

ఇంత చేసినా నడక బాటని నాశనం చేసేది ఇంటి ర్యాంపు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మా పల్లపు ఊళ్లలో మంచి వీధులన్నీ ఇక్కడే పాడయ్యాయి. మొదట కట్టినాయన రోడ్డుకి రెండడుగులు పైకి మెరక పోస్తాడు. పక్కాయన ఇంకో అడుగు కలుపుతాడు. రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసి ఎత్తు పెంచితే మూడో ఆయన నాలుగడుగులు లేపుతాడు. ప్రతి కారుకీ ఒక ర్యాంపు, అది డ్రైన్ దాటి రోడ్డు మీదకి వచ్చేస్తుంది. నడిచేవాళ్లు ప్రతి 36 అడుగులకీ ఒక గుట్ట ఎక్కి దిగాలి, లేదా రోడ్డు మీదకి దిగాలి. అందరూ రోడ్డు మీదకే దిగుతారు.

దీనికి మందు లేఅవుట్ దశలోనే ఉంది. లెవెలింగ్ చేయించి, రోడ్డు పూర్తయిన ఎత్తు ఎంత, దాని మీద ఇంటి ప్లింత్ (గచ్చు మట్టం) ఎంత ఎత్తులో ఉండాలి, రెండూ ప్లాన్ మీద అంకెల్లో రాయండి. డ్రైన్ నడక బాట కిందే రావాలి, పైన పలకలు బాటతో సమానంగా, చేత్తో ఎత్తి శుభ్రం చేసుకునేంత బరువులో. కారు ఎక్కే వాలు మొత్తం చెట్ల వరసలోని ఐదడుగుల్లోనే ముగిసిపోవాలి, నడక బాట ఎక్కడా ఒంగకూడదు. నడక బాట నుంచి ఇంటి లోపలికి ఇంకా ఎత్తు ఉంటే ఆ వాలు గేటు లోపల కట్టుకోవాలి. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు పాత పొర గీకి తీసేశాకే వేయాలని మీ అసోసియేషన్ నిబంధనల్లో రాసుకోండి.

కార్నర్ బిట్టు, అరుగు

కార్నర్ బిట్లకి ఎలాగూ ధర ఎక్కువ. వాటిలో పార్కు చుట్టూ ఉన్నవి, పుంత మీద ఉన్నవి కొన్ని ఎంచి, కింద దుకాణం, పైన ఇల్లు కట్టుకునేలా ప్లాన్ మీదే చూపించండి. తర్వాత ఎవరో పక్కింట్లో కొట్టు పెడితే ఫిర్యాదులు, గొడవలు. ముందే రాసి ఉంటే కొనేవాడికీ తెలుసు, పక్కవాడికీ తెలుసు. వెల్డింగ్ షాపు, బార్ వద్దని కూడా అక్కడే రాయండి.

బిట్లన్నీ ఒకే సైజు వేయకండి. 100, 150, 200, 267 గజాలు ఒకే వీధిలో కలపండి. ఇళ్లలో పని చేసే అమ్మాయి, ఇస్త్రీ చేసేవాళ్లు, ట్యూషన్ చెప్పే టీచరు ఆ పేటలోనే అద్దెకైనా ఉండగలగాలి. లేకపోతే వాళ్ల సంపాదనలో సగం షేర్ ఆటోకే పోతుంది. సీసైడ్ ఇక్కడే దెబ్బతింది. నడవడానికి అంత బాగున్న ఊరు ధనికులు సెలవులు గడిపే చోటైపోయింది.

ఇంటి ముఖం గురించి రెండు షరతులు చాలు. ముందు ప్రహరీ మూడున్నర అడుగులు మించకూడదు, ఆపైన కావాలంటే గ్రిల్లు పెట్టుకోవచ్చు. వరండాలో వీధి వైపు ఒక అరుగు ఉండాలి, అడుగున్నర ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, పైన కప్పు. పాత పేటల్లో నేను కొలిచినవి దాదాపు ఇంతే ఉంటాయి. ఈ ఎత్తులో కూర్చుంటే నడిచేవాళ్లతో మాట కలుస్తుంది. రెండున్నర అడుగుల వెడల్పు ఉంటే ఒక మనిషి మధ్యాహ్నం నడుం వాల్చవచ్చు, కూరగాయలమ్మి గంప దింపుకుని బేరం చేయవచ్చు. ఆరడుగుల గోడ, షీటు గేటు ఉన్న వీధిలో పిల్లలు పడిపోయినా చూసే కన్ను ఉండదు. అపార్ట్‌మెంట్ వస్తే, కిందంతా పార్కింగ్ వదిలేయకుండా వీధి వైపు ఒక్క గదైనా కట్టించండి.

కాగితాల మీద కట్టేయండి

నోటి మాట బిట్లు అమ్ముడయ్యే దాకానే. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదు కావాలి. 2016 నాటి ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, నమోదైన ప్లాన్ మార్చాలంటే కొన్నవాళ్లలో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాబట్టి సందులు, హద్దు దాకా వెళ్లే రోడ్లు, దుకాణపు బిట్లు, నడక బాట కొలతలు రెరాకి ఇచ్చే ప్లాన్ మీదే ఉండాలి, బ్రోచర్లో బొమ్మగా కాదు. రోడ్లు, పార్కు స్థలం పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసి ఇస్తారు. అందులో సందుల కొలతలు, హద్దు రోడ్ల చివరి అంగుళం దాకా రాయించండి. అప్పుడు ఎవరూ అక్కడ గేటు పెట్టలేరు, ఒక అడుగు ముక్క దాచుకోలేరు. ప్రహరీ ఎత్తు, అరుగు, ప్లింత్ లెవెల్ ప్రతి సేల్ డీడ్‌లో షరతులుగా రావాలి. డాక్యుమెంట్ రైటర్‌కి ఆ పేరాలు టైపు చేసి మీరే ఇవ్వండి.

అనుమతికి పంపే ముందు పొలంలో ముగ్గు పోయించి, ఇంట్లో ఒక పెద్దావిడనీ, బడికెళ్లే పిల్లనీ, ఇళ్లలో పనిచేసే ఒకరినీ తీసుకెళ్లి ఆ గీతల మధ్య నడిపించండి. ప్లాన్ చదవడం రానివాళ్లే అసలు తప్పులు పట్టుకుంటారు. గేటు ఇటు కాకుండా అటుంటే బస్సుకి దగ్గరని ఒకసారి ఒక పనిమనిషి చెప్పింది, అలాగే మార్చాం.

చెట్లు ముందు నాటండి

ఇళ్లు కట్టాక చెట్లు నాటితే పదేళ్లు ఎండలో నడవాలి. రోడ్డు ఫార్మేషన్ అయిన ఏడాదే, తొలకరికి నాటేయండి. ఉత్తర దక్షిణ వీధుల్లో పడమటి వరస ఇళ్లు సాయంత్రం తమ ముందు బాటకి నీడ ఇస్తాయి కాబట్టి తూర్పు బాట మీద దృష్టి పెట్టండి. తూర్పు పడమర వీధుల్లో రెండు పక్కలా కావాలి. కానుగ, వేప, పొగడ 25 అడుగులకొకటి. నిద్రగన్నేరు, రావి పార్కులోనే ఉండాలి, 40 అడుగుల వీధికి అవి పెద్దవైపోతాయి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ తెచ్చి పెట్టవద్దు. మాది తుపానుల తీరం. 2014లో హుద్‌హుద్ విశాఖలో ఎన్ని చెట్లు కూల్చిందో చూశాం. అందుకే గొయ్యి మూడడుగుల లోతు తీయించాలి, కవర్లో వేళ్లు చుట్టుకుపోయిన మొక్కని తిరస్కరించాలి. కరెంటు స్తంభాలు ఒకే పక్కకి వేయించుకుని, ఆ పక్కన నెమ్మదిగా పెరిగే పొగడ పెట్టుకోండి, లైన్‌మెన్ వచ్చి కొమ్మలు నరికే అవసరం తగ్గుతుంది. మూడు వేసవుల పాటు ట్యాంకర్‌కి అయ్యే డబ్బు బిట్ల ధరలోనే కలిపి, అసోసియేషన్ పేరున బ్యాంకులో వేసి ఇవ్వండి.